ఒక్క ఆర్డర్ మీద ఎన్నాళ్లు?

మా కోరుట్లలో "సీఎస్ఈ" అని చెప్తే చాలు, "ఇంకేం ఫికర్ బిడ్డా" అంటరు. ఆ నమ్మకం ఊరికే రాలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి ఒక తరం గల్ఫ్‌కు పోయింది. వీసా వస్తే ఇల్లు నిలబడ్తది అనుకున్నరు. ఇప్పుడు ఆ వీసా జాగాలోకి మన డిగ్రీ వచ్చింది. కానీ డిగ్రీ వీసా కాదు.

2025 జులైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తగ్గించుకుంటామని చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌1బీకి లక్ష డాలర్ల ఫీజు పెట్టింది. పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ పదేళ్లుగా మూడు, నాలుగు లక్షల మధ్యనే తిరుగుతున్నది. హైదరాబాద్ హాస్టల్ ఫీజు మాత్రం ఆగలేదు. ఫ్రెషర్‌కు మొదట్లో ఇచ్చే చిన్న చిన్న కోడ్ ఇప్పుడు ఏఐ కూడా రాస్తున్నది.

అంటే ఐటీ పని అయిపోయిందని కాదు. నేను చెప్పేది వేరే. సిరిసిల్లను చూడండి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్‌తో సాంచాలకు చేతినిండా పని దొరికింది. 2024లో ఆ ఆర్డర్ లేకపోయేసరికి ఎన్నో సాంచాలు ఆగినయ్. నేసేటోళ్లకు పని రాక కాదు. అంత పెద్దగా కొనేది ఒక్క ప్రభుత్వమే కావడం వల్ల. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డర్ వచ్చింది, కానీ పాఠం అట్లనే ఉంది.

మనం కూడా క్యాంపస్‌కు వచ్చే రెండు మూడు కంపెనీలనే నమ్ముకొని నాలుగేళ్లు గడుపుతున్నం. ప్రాజెక్టు అమీర్‌పేటలో కొంటున్నం. ఇంటర్వ్యూలో "ఇందులో నువ్వేం చేసినవ్?" అని అడిగితే నోరు పెగలదు.

మన చుట్టే ఎంత పని ఉందో చూడండి. పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం, కోరుట్లలో వెటర్నరీ కాలేజీ, చల్‌గల్‌లో మామిడి మార్కెట్, సిరిసిల్లలో సాంచాల షెడ్లు ఉన్నయ్. బర్రెకు టీకా ఎప్పుడు వేయించాలో రైతుకు తెలుగులో గుర్తుచేసే చిన్న యాప్ చేద్దామన్నా డేటాబేస్ తెలియాలె, సర్వర్ తెలియాలె. అన్నిటికంటే ముందు రైతు చెప్పేది వినాలె. దీంతో కోట్లు రావు. కానీ వాడే మనిషి ఫోన్ చేసి "తేదీ తప్పు చూపిస్తుంది" అన్న రాత్రి మనం నేర్చుకునేది ఏ కోర్సులో దొరకదు.

"ఇంట్ల అప్పులున్నోళ్లకు ఈ నీతులెందుకు?" అని మీరడగొచ్చు. నిజమే. క్యాంపస్ జాబ్ వస్తే తీసుకోండి, నేనూ తీసుకుంట. కానీ ఆ ఒక్క ఆర్డర్ ఆగితే మన చేతుల్లో ఏం మిగుల్తదో ఇప్పుడే చూసుకోవాలె.

ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఒక షాపులోనో, షెడ్డులోనో గంటసేపు కూర్చోండి. "మీకు రోజూ తలనొప్పి తెచ్చే లెక్క ఏంది?" అని అడగండి. మన ప్రాజెక్టు అక్కడ మొదలైతది.