బై హూమ్?

ఖరగ్‌పూర్‌లో ఇంగ్లీషు చెప్పే మాస్టార్లతో నాకు తగువుంది. నింపురా నుంచి మలంచ దాకా, మథురాకాటి నుంచి ఇందా దాకా ఏ ట్యూషన్ గదిలోకి తొంగిచూసినా పాసివ్ వాయిస్ పాఠం ఒకటే తీరు. ‘రామా కిల్డ్ రావణా’ అని బోర్డు మీద రాస్తారు. ఆబ్జెక్టును ముందుకు తెమ్మంటారు, సబ్జెక్టును వెనక్కి తొయ్యమంటారు. మధ్యలో ‘వాజ్’ పెట్టి, క్రియను మూడో రూపంలోకి దించి, చివర ‘బై’ తగిలించమంటారు. ‘రావణా వాజ్ కిల్డ్ బై రామా.’ టిక్కు పడింది, మార్కు వచ్చింది, తర్వాతి వాక్యానికి పదండి! దీన్ని వ్యాకరణం అనకండి. కుర్చీలాట అనండి, ఒప్పుకుంటాను.

యాభై వాక్యాలు మార్చిన పిల్లవాడిని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. ‘ఇలా తిప్పి ఎందుకు చెప్తార్రా?’ అనండి. వాడు మీ మొహం చూస్తాడు. తప్పు వాడిది కాదు. ఆ ప్రశ్న వాడి చెవిన ఏనాడూ పడలేదు. రెన్ అండ్ మార్టిన్ పుస్తకం మన దేశంలో తరాలకు తరాలను ఇంగ్లీషు దాటించింది. దాని వెనకే పుట్టిన గైడ్లన్నీ అందులోని అభ్యాసాలను ఎత్తుకొచ్చాయి, ఆలోచనను మాత్రం అక్కడే వదిలేశాయి.

అసలు సంగతి ఇది. పాసివ్ వాయిస్ రెండు పనులు చేస్తుంది. మొదటిది, ఎవరికి ఏం జరిగిందో వాళ్లను వాక్యం ముందుకు తెస్తుంది. రెండోది, పని చేసినవాడి పేరు చెప్పకుండానే వాక్యం పూర్తి చేసే వీలు ఇస్తుంది. యాక్టివ్‌లో కర్త లేకపోతే ఇంగ్లీషు వాక్యం నిలబడదు. పాసివ్‌లో కర్తను తీసేసినా వాక్యం చెక్కుచెదరదు. 1985లో రాండాల్ఫ్ క్విర్క్, ఆయన సహచరులు వెలువరించిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం చెప్పే లెక్క చూడండి: ఇంగ్లీషు వాడుకలో అయిదు పాసివ్ వాక్యాలుంటే దాదాపు నాలుగింట్లో ‘బై’ ఉండదు. మీరు బడిలో రుద్దేది ఆ మిగిలిన ఒక్కటే! మా బతుకుల మీద స్వారీ చేసే నాలుగింటి గురించి ‘బై సమ్‌వన్ వదిలేయొచ్చు’ అని ఒక ముక్క అని ఊరుకుంటారు. ఎవరు వదిలేస్తారు, ఎప్పుడు వదిలేస్తారు, వదిలేస్తే ఎవరికి లాభం? ఈ పాఠం ఏ గైడులోనూ లేదు.

ఆ పాఠం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. స్టేషనుకు పదండి. 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ఇది. 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత హుబ్బళ్లి దాటేసేదాకా ప్రపంచంలో ఇంత పొడవైనది లేదని పిల్లల చేత జనరల్ నాలెడ్జిలో బట్టీ పట్టించాం. ఆ ప్లాట్‌ఫారం పొడవునా మోగే వాక్యాన్ని మాత్రం ఒక్కరోజూ విడదీసి చూపించలేదు. ‘ది ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్ టు యు ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్.’ చిన్న వాక్యంలో కర్త రెండుసార్లు మాయమయ్యాడు. అసౌకర్యం ‘కాజ్డ్’, కలిగించింది ఎవరు? చప్పుడు లేదు. ‘రిగ్రెటెడ్’, చింతిస్తున్నది ఎవరు? అక్కడా చప్పుడు లేదు. హిందీ ప్రకటనలో కనీసం ‘హమే ఖేద్ హై’ అని ఒక ‘మేము’ వినిపిస్తుంది. ఇంగ్లీషుకు వచ్చేసరికి ఆ ‘మేము’ కూడా బండి దిగిపోయింది. మిగిలినవాడు ఒక్కడే, ‘యు’. అంటే నువ్వు, బెంచీ మీద మూటలు పెట్టుకుని కూచున్నవాడివి.

మరి రైల్వేకి యాక్టివ్ వాయిస్ రాదా? ఎందుకు రాదు, బ్రహ్మాండంగా వచ్చు! రైల్వే క్వార్టర్లో పెరిగిన ఎవరినైనా అడగండి, ఎస్.ఎఫ్.5 అంటే ఏమిటో, ఎస్.ఎఫ్.11 అంటే ఏమిటో చెప్తారు. 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నిబంధనల కింద పెద్ద శిక్షకు మొదటిది, చిన్న శిక్షకు రెండోది. ఆ చార్జిషీటులో ఇంగ్లీషు ఎలా ఉంటుంది? శ్రీ ఫలానా, ఫలానా హోదాలో, ఫలానా తేదీన పనిచేస్తూ, ‘ఫెయిల్డ్ టు’ ఫలానా పని. కర్త ఉన్నాడు, పేరు ఉంది, హోదా ఉంది, తేదీ ఉంది. క్రియ నిక్కచ్చిగా యాక్టివ్‌లో ఉంది. ఆ కర్త 1966 నాటి ప్రవర్తన నియమాల్లో మూడోది ఉల్లంఘించాడన్న మాట కూడా కింద చేర్చి ఉంటుంది.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. ట్రాక్‌మన్ తప్పు చేస్తే యాక్టివ్ వాయిస్. ఆఫీసు తప్పు చేస్తే పాసివ్ వాయిస్. కిందివాడి తప్పుకు కర్త ఉంటాడు, పైవాడి తప్పుకు కర్మ మాత్రమే ఉంటుంది. ఏ వాయిస్‌లో మాట్లాడాలో నిర్ణయించేది వ్యాకరణం కాదని, హోదా అని పదో తరగతి పిల్లకు తెలియాలా వద్దా? వాళ్ల తాత గ్యాంగులో పనిచేశాడు, నాన్న కార్ఖానాలో ఫిట్టరు, రేపు ఆ పిల్ల చేతికీ ఒక కాగితం రావచ్చు. చదవడం ఇప్పుడే రావాలి.

2023 జూన్ 2న బహనగా బజార్‌లో ఏం జరిగిందో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అది మన ఖరగ్‌పూర్ డివిజన్లోని స్టేషన్. మెయిన్ లైన్లో పోవలసిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లోకి మళ్లి, నిలిచి ఉన్న గూడ్సును గుద్దింది. చెల్లాచెదురైన పెట్టెలు పక్క లైన్లో పోతున్న బెంగళూరు–హావ్‌డా బండిని గుద్దాయి. 290 మందికి పైగా పోయారు. నెలన్నర తర్వాత రాజ్యసభకు ఇచ్చిన లిఖిత జవాబులో కారణం చెప్పారు: గతంలో నార్త్ సిగ్నల్ గుమ్టీ దగ్గర ‘క్యారీడ్ అవుట్’ అయిన సిగ్నలింగ్ సర్క్యూట్ మార్పులో లోపాలు, లెవెల్ క్రాసింగ్ గేటు పని చేసేటప్పుడు మళ్లీ లోపాలు. మార్పు ‘క్యారీడ్ అవుట్’ అయింది. ఎవరు చేశారు, ఎవరు పరీక్షించారు, ఎవరు సరే అని సంతకం పెట్టారు? ఆ వాక్యం చెప్పదు. అరెస్టులు జరిగేసరికి మాత్రం కర్తలు దొరికారు. సీబీఐ పట్టుకున్నది ఇద్దరు ఇంజనీర్లను, ఒక టెక్నీషియన్‌ను. వాళ్లు దోషులో కాదో కోర్టు తేలుస్తుంది. నా ప్రశ్న ఆ ముగ్గురి పైన ఉన్న మెట్ల గురించి. ఆ మెట్ల మీద ఉన్నవాళ్లందరూ ఆ చిన్న ‘క్యారీడ్ అవుట్’ నీడలో హాయిగా నిలబడ్డారు.

ఈ ఊరి చరిత్ర అంతా ఇదే వ్యాకరణం. మనం ఇక్కడికి ఎలా వచ్చామని అడిగితే ‘బి.ఎన్.ఆర్. కాలంలో తీసుకురాబడ్డాం’ అన్నట్టే చెప్పుకుంటాం. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఒక కంపెనీ. దానికి మేనేజర్లున్నారు, లాభాల లెక్కలున్నాయి. కార్ఖానాకు చేతులు కావలసి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, బరంపురం వైపు నుంచి జనాన్ని రాబట్టింది. 1927లో అదే కంపెనీ అదే కార్ఖానాలో మనుషుల్ని తగ్గించింది. ‘వర్కర్స్ వర్ రిట్రెంచ్డ్’ అని చరిత్ర పుస్తకం రాసుకుంటుంది, వాన పడింది అన్నంత మామూలుగా! కార్మికులు పని ఆపి ‘ఎవరు తగ్గించారు, ఎందుకు తగ్గించారు’ అని నిలదీశారు. సమ్మె అంటే మరేమిటి? వాక్యం చివర కంపెనీ మింగేసిన ‘బై’ని దాని నోట్లోంచి కక్కించడం. బి.ఎన్.ఆర్. కార్మికుల పక్షాన నిలబడిన నాయకుల్లో బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి ఒకరు. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారని పిల్లలకు చెప్తాం. ఆయన రైలు కార్మికుల మధ్య ఏం అడిగారో చెప్పం.

హిజ్లీకి వెళ్లండి. ఐఐటీ 1951లో మొదలైన ఆ పాత భవనం అంతకుముందు నిర్బంధ శిబిరం. 1931 సెప్టెంబర్ 16న అక్కడ ఆయుధం లేని ఖైదీల మీద కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అక్కడే ప్రాణాలు విడిచారు. ‘మిత్ర అండ్ సేన్‌గుప్తా వర్ కిల్డ్’ అని రాస్తే నేను తప్పుపట్టను. అక్కడ ముందు నిలవాల్సింది వాళ్ల పేర్లే. పాసివ్ వాయిస్ ఆ మర్యాద చేయగలదు. అయితే ఆ వాక్యాన్ని అక్కడ ఆపేస్తే మర్యాద కాస్తా మోసం అవుతుంది. ‘బై ది గార్డ్స్ ఆఫ్ ది రాజ్’ అని పూర్తి చేయండి. ముందుకు తేవడం ఒకటి, దాచిపెట్టడం మరొకటి. ఈ రెంటికీ తేడా తెలిసినవాడికి పాసివ్ వాయిస్ వచ్చినట్టు. మిగిలినవాళ్లకు కుర్చీలాట వచ్చినట్టు.

ఇక్కడ కొందరు చదువుకున్నవాళ్లు లేచి, ‘అందుకే పాసివ్ వాడకూడదు, జార్జ్ ఆర్వెల్ 1946లోనే చెప్పాడు’ అంటారు. చెప్పాడు. చెప్పిన ఆ వ్యాసం మొదటి వాక్యంలోనే పాసివ్ వాడాడు! భాషాశాస్త్రవేత్త జెఫ్రీ పుల్లమ్ ఈ పాసివ్ భయాన్ని 2014లో ఒక వ్యాసంలో చీల్చి చెండాడాడు. పాసివ్‌ను తిట్టేవాళ్లలో చాలామందికి పాసివ్ ఏదో గుర్తుపట్టడమే రాదని చూపించాడు. ఆయన మాట నిజం. ‘ఏన్ యాక్సిడెంట్ అకర్డ్’ అన్నది పాసివ్ కాదు, పక్కా యాక్టివ్. ‘ది ట్రెయిన్ డిరెయిల్డ్’ కూడా అంతే. అయినా అందులో కర్త ఎక్కడున్నాడు? ప్రమాదం తనంతట తాను సంభవించింది, బండి తన బుద్ధితో పట్టాలు తప్పింది! ఇంకోవైపు ‘ది ట్రెయిన్ వాజ్ సేవ్డ్ బై ఎ ట్రాక్‌మన్’ అనండి. పాసివే. కానీ ఇంగ్లీషు వాక్యంలో బరువు చివర పడుతుంది కాబట్టి ట్రాక్‌మన్ వెలిగిపోతున్నాడు. పాసివ్‌ను వెలివేస్తే ఆ వెలుగు పోతుంది, మోసం మాత్రం ఇంకో దారిన లోపలికి వస్తుంది. కాబట్టి వెతకాల్సింది వాయిస్ పేరు కాదు, కర్త ఆచూకీ.

ఆ ఇంకో దారి మనకు బాగా తెలుసు. తెలుగు నోట ‘బడు’ సహజంగా పలకదు. ‘అన్నం తినబడింది’ అని ఏ ఇంట్లోనూ అనరు. ఆఫీసు తెలుగులో మాత్రం ‘ఇందుమూలముగా తెలియజేయబడుచున్నది’ అని తలుపు వేసుకుంటారు. అది పాతబడిందని మన నాయకులు కొత్తది కనిపెట్టారు. ‘నిధులు మంజూరు చేయడం జరిగింది’, ‘సమస్య పరిశీలించడం జరిగింది’. ఎవరండీ పరిశీలించింది? ‘జరిగింది’ట! మెచ్చుకోలు వచ్చే చోట ‘నేను చేశాను’ అంటారు, నిలదీసే చోట ‘జరిగింది’ అంటారు. చార్జిషీటుకీ అనౌన్స్‌మెంటుకీ ఉన్న తేడా తెలుగులో దిగింది, అంతే.

దాక్కున్న కర్తను పట్టుకోవడం ఈ ఊరి తెలుగువాళ్లకు మరీ అవసరం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. సంతోషించాం, మిఠాయిలు పంచుకున్నాం. రేపు నోటీసులు మన లిపిలో వచ్చినప్పుడు వాటి నిండా ‘బడినది’, ‘జరిగినది’ కుమ్మరించి పంపితే ఆ హోదా ఏం చేసుకుంటాం? ఇంగ్లీషులో దాక్కున్నవాడికి తెలుగులో కూడా దుప్పటి కుట్టిచ్చినట్టేగా.

అందుకని మాస్టార్లకు చెబుతున్నాను. పరీక్షలో ‘చేంజ్ ది వాయిస్’ పదిమార్కుల ప్రశ్న ఉంటే ఉండనివ్వండి. దాని పక్కన ఒక నోటీసు అచ్చువేయండి: ‘ట్రెస్‌పాసర్స్ విల్ బి ప్రాసిక్యూటెడ్’, ‘నీళ్ల సరఫరా నిలిపివేయబడినది’, ‘క్వార్టర్లు కూల్చాలని నిర్ణయించడం జరిగింది’. కింద మూడు ప్రశ్నలు వేయండి. ఈ వాక్యంలో పని చేసినది ఎవరు? ఆ పేరు అక్కర్లేక వదిలేశారా, బయటపడకూడదని వదిలేశారా? పేరు పెట్టి వాక్యం తిరగరాస్తే చదివేవాడికి కొత్తగా ఏం తెలుస్తుంది? మూడో ప్రశ్నకు సరైన జవాబు రాసిన పిల్లకు ‘బీ’ రూపాలన్నీ వాటంతట అవే అబ్బుతాయి, ఎందుకు నేర్చుకుంటున్నదో తనకు తెలుసు కాబట్టి.

‘అలాంటివి సిలబస్‌లో లేవండీ, సిలబస్ అలా నిర్ణయించబడింది’ అంటారా? మంచిది. ముందు ఆ వాక్యమే మార్చి చూపించండి. యాక్టివ్ వాయిస్‌లో రాయండి, పేర్లతో సహా.