క్లింగను భాషకు ముద్దు రాదా?



"క్లింగను భాషలో నమస్కారానికే మాట లేదు. ఎదురుపడితే 'ఏం కావాలి?' అని అడుగుతారు. ప్రేమించడమంటే వారి దృష్టిలో ద్వేషించకపోవడమట! అటువంటి భాషలో ముద్దుమాటలు ఎక్కడినుండి వస్తాయి?" ఈ పరిహాసం పలుమార్లు విన్నాను. విన్న ప్రతిసారీ నవ్వు రాలేదు సరికదా, ఒకింత కోపమే వచ్చింది. లేని జాతి తరఫున ఈ వకాల్తా దేనికని మీరడుగవచ్చు. ఆ పరిహాసం వెనుక ఒక కొలబద్ద దాగి ఉన్నది. దానితోనే మన తెలుగునూ కొలుస్తున్నారు. నా తగవు ఆ కొలబద్దతో.

ఎరుగనివారి కోసం రెండు మాటలు. స్టార్ ట్రెక్ కథలలోని యోధజాతి క్లింగనులు. 1979 నాటి మొదటి చలనచిత్రంలో వారి నోట కొన్ని పలుకులు వినిపించాయి. 1984లో వచ్చిన మూడవ చిత్రం కోసం మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త వాటికి వ్యాకరణం కల్పించి, 1985లో నిఘంటువు వెలువరించాడు. ఈయన కాలిఫోర్నియా తీరంలోని ముత్సున్ అనే ఆదివాసుల భాషపై పరిశోధన చేసినవాడు. కనుక ఇది కేవలం కూతల మూట కాదు, ప్రకృతి ప్రత్యయ విభాగం గల భాష.

1992లో ఆ నిఘంటువుకు అనుబంధం చేర్చినప్పుడు అందులో ఒక నామప్రత్యయం చేరింది. అది 'ఓయ్'. బంధువాచకం మీద చేరి, ఆ వ్యక్తిపై వక్తకు గల మక్కువను తెలుపుతుంది. 'వావ్' అంటే తండ్రి, 'వావోయ్' అంటే ముద్దుగా నాన్న. 'షోష్' తల్లి, 'షోషోయ్' అమ్మ. పెంపుడు జంతువుల పేర్లకు కూడా దీనిని చేర్చవచ్చు. క్లింగను నామప్రత్యయాలన్నీ హల్లుతో మొదలు కాగా ఇదొక్కటే అచ్చుతో మొదలవుతుంది. కరకు హల్లుల నడుమ గారాబానికి మాత్రం అచ్చును కేటాయించారన్నమాట.

మన 'ఏమోయ్', 'రావోయ్', 'అన్నోయ్' మీకు గుర్తుకు వచ్చే ఉంటాయి. ఇది యాదృచ్ఛికం మాత్రమే. దీనిని పట్టుకొని క్లింగను తెలుగునుండి పుట్టిందని వ్యాసాలు వ్రాయబోయేవారు దయచేసి ఆగవలెను! నేను చూపదలచిన పోలిక వేరు. 'అక్కయ్య', 'అత్తయ్య' అంటాము. స్త్రీవాచకాల చివర 'అయ్య' ఎందుకు వచ్చింది? అక్కడ దానికి తండ్రి అనే అర్థం లేదు, పురుషుడనే అర్థమూ లేదు. అర్థమంతా రాల్చుకొని ఆదరం ఒక్కటే మిగుల్చుకొన్నది. అక్క అన్నా అక్కయ్య అన్నా మనిషి ఒకతే, పిలుపులోని చనువే వేరు. క్లింగను 'ఓయ్' చేసే పని సరిగా ఇదే. నిఘంటువులో 'హనీ', 'డార్లింగ్' అనే పదాల కోసం వెదకి, దొరకక, ఈ భాషలో ప్రేమ లేదని తీర్పు చెప్పేవారు ప్రత్యయాల పుట తిరగవేయనివారు.

రెండవ ఆక్షేపణ ప్రేమను గురించి. 'ముష్' అంటే ద్వేషించు. దానికి 'ఖా' అనే ప్రత్యయం చేరితే 'ముష్‌ఖా', అనగా ప్రేమించు. ఆ ప్రత్యయానికి ఉన్నదానిని తొలగించడం అని అర్థం. ఇష్టపడటానికి వాడే క్రియ కూడా ఇష్టం లేకపోవడమనే క్రియనుండి ఇలాగే ఏర్పడింది. ఇందులో హాస్యాస్పదమేమున్నది? అసూయ లేనిది అనసూయ. ఆ పేరు మన ఆడపిల్లలకు పెట్టుకోలేదా? అభయం, అహింస, అశోకుడు, అజాతశత్రువు – ఇవన్నీ నిషేధంతో ఏర్పడిన మాటలే. వీటిని విన్నప్పుడు మనకు తోచేది లేమి కాదు, నిండుతనమే. మనస్సులోని కంటకాన్ని తొలగించుకోవడమే ప్రేమ అనుకొనే జాతిని ఓక్రాండ్ ఊహించాడు. అది తక్కువ ఊహ కాదు.

మూడవది, నాకు అన్నిటికన్న నచ్చినది. ప్రేమపాత్రమైన వ్యక్తిని 'బాఙ్' అంటారు. మన వర్ణమాలలో పనిలేక కూర్చున్న ఙకారానికి ఇక్కడ ఉద్యోగం దొరికింది! 'నా' అనే అర్థమిచ్చే ప్రత్యయాలు ఈ భాషలో రెండు. మాట్లాడగల ప్రాణికి 'వి', తక్కినవాటికి 'విజ్'. కనుక 'నా ప్రియా' అనవలెనంటే 'బాఙ్‌వి' అనాలి. మనిషికి 'విజ్' చేర్చడం వ్యాకరణదోషం కాదు కానీ, అవమానం. మన మహదమహద్భేదం ఎరిగినవారికి ఇది వింత కాదు. 'పదిమంది పిల్లలు' అంటాము, 'పది పుస్తకాలు' అంటాము. పరాయి స్త్రీని 'అది' అంటే తగవులాట జరుగుతుంది. తల్లి మాత్రం కన్నకూతురిని గురించి 'అదింకా నిద్ర లేవలేదు' అంటుంది, అందులో గారాబమే ఉంటుంది. ఒకే మాట ఒకరి నోట తిట్టు, మరొకరి నోట ముద్దు. తేడా మాటలో లేదు, మాట్లాడే అధికారంలో ఉన్నది.

నిఘంటుకర్తకు ఈ రహస్యం తెలుసు. 'ఓయ్' ప్రత్యయాన్ని వివరించి, క్లింగనులు కానివారు దీనిని వాడకపోవడమే మంచిదని గట్టిగా హెచ్చరించాడు. చాలామంది దీనిని చమత్కారంగా తీసుకొన్నారు. నాకు మాత్రం ఆ అనుబంధంలోకెల్లా సత్యమైన వాక్యం అదే. కొత్తవాడు వచ్చి మనను 'ఒరే' అంటే సహిస్తామా? బాల్యమిత్రుడు 'ఒరే' అనకపోతే మాత్రం మనసు చివుక్కుమంటుంది. ముద్దుమాట పదం కాదు, హక్కు. దానిని నిఘంటువు చూపగలదు, ఇవ్వలేదు.

ప్రతిపక్షానికి న్యాయం చేయాలి కనుక ఒక సంగతి ఒప్పుకొంటాను. 1990లలో ఒక అమెరికను భాషావేత్త తన కుమారునితో పుట్టినది మొదలు సుమారు మూడేళ్ళు క్లింగనులో మాట్లాడాడు. పాలసీసా వంటి నిత్యవస్తువులకు ఆ భాషలో మాటలు లేక ఇబ్బంది పడ్డాడు. చివరకు పిల్లవానికి ఆ భాషపై మక్కువ కలగకపోవడంతో విరమించాడు. ఎవరి బలవంతమూ లేకుండా బిడ్డ నోట వచ్చే పిలుపే ముద్దుమాటకు ప్రాణం. ఆ ప్రాణం క్లింగనుకు లేదు. కానీ పాలసీసాకు పేరు లేని భాషలో నాన్నను ముద్దుగా పిలిచే ప్రత్యయం మాత్రం ఉన్నది. లేనిది వాడేవారి ఇల్లు, వాడవలసిన రూపం కాదు.

ఇక మన సంగతి. "తెలుగులో 'ఐ లవ్ యూ'కు సహజమైన మాట లేదు, 'థాంక్యూ'కు లేదు, 'ప్లీజ్'కు లేదు" అని మనవారే చెప్పుకొంటూ సిగ్గుపడటం ఎరుగుదుము. కూతురిని 'అమ్మా' అని, కొడుకును 'నాన్నా' అని, మనుమరాలిని 'తల్లీ' అని పిలుచుకొనే జాతికి ఈ సిగ్గు ఎందుకు? కన్నబిడ్డలో కన్నవారిని చూచుకొనే పిలుపు అది. ఆంగ్లపదాల పట్టిక ఒకటి చేతపట్టుకొని, ఎదుటి గడి ఖాళీగా కనిపించినప్పుడల్లా ఆ భాషకు హృదయం లేదనడం అవివేకం. క్లింగనుకు జరిగిన అన్యాయానికి నవ్విన మనం, తెలుగుకు జరిగిన అన్యాయానికి తల వంచుకొంటున్నాము. రెంటికీ మూలం ఒకటే.

ఏ భాషలోనైనా ముద్దు ఉంటుంది. ఎక్కడ ఉంటుందో వెదికే ఓపిక మనకు ఉండాలి. నా క్లింగను ఉచ్చారణలో దోషాలుంటే తెలిసినవారు సవరించగలరు. తెలుగులో దోషాలుంటే మొహమాటపడకుండా సవరించగలరు.

స్వస్తి.