ప్రక్షిప్తాలూ, గ్రంథపాతాలూ

ఎవరు పడితే వారు వ్రాయగల పుటలో తమ పరువు తక్కెడకెక్కడమేమిటని పెద్ద వ్యాపారసంస్థలవారు వికీపీడియాను తరచు ఆడిపోసుకుంటారు. చదువుకున్న మిత్రులు సైతం ఈ మాటకు తలలూపుతున్నారు. పేరూ ఊరూ లేనివారి వ్రాతకు ప్రామాణ్యమెక్కడిదని వీరి ఆక్షేపణ. నాకు మాత్రం వారి బాధ వ్రాతను గురించి కాదనీ, చెరపడానికి వీలుగా లేకపోవడాన్ని గురించేననీ అనిపిస్తుంది.

డీబోల్డ్ ఉదంతం చూడండి. ఓటు యంత్రాలు చేసిన అమెరికా సంస్థ అది. ఆ యంత్రాల భద్రతపై నిపుణుల సందేహాలూ, సంస్థాధిపతి బుష్ పక్షానికి నిధులు సేకరించిన వైనమూ వికీ వ్యాసంలో ఉండేవి. 2005 నవంబరులో ఆ సంస్థకు చెందిన కంప్యూటరు చిరునామా నుండే ఎవరో ఆ పేరాలన్నీ తుడిచివేశారు. ఇతర వాడుకరులు వాటిని తిరిగి చేర్చారు. 2007 ఆగస్టులో వర్జిల్ గ్రిఫిత్ అనే విద్యార్థి, లాగిన్ కాకుండా చేసిన మార్పులు ఏయే సంస్థల నుండి వచ్చాయో చూపే వికీస్కానర్‌ను నిర్మించిన తరువాత గాని సంగతి లోకానికెక్కలేదు. యాజమాన్యం చెప్పి చేయించిందో, ఉద్యోగి స్వామిభక్తితో చేశాడో చిరునామా చెప్పదు. ఆ మేరకు సంస్థకు సందేహలాభం ఇవ్వవలసిందే.

తాళపత్రప్రతులతో కుస్తీ పట్టినవారికి ఇందులోని విశేషం వెంటనే తడుతుంది. లేఖకుడు సొంత కవిత్వం చొప్పిస్తే ప్రక్షిప్తం, చెదలు తింటే గ్రంథపాతం. ఏది ఎవరు చొప్పించారో, ఎప్పుడు చొప్పించారో తెలియక మన పరిష్కర్తలు పది ప్రతులు ముందుంచుకొని కళ్లు పోగొట్టుకున్నారు. వికీ పుటకో, "చరిత్ర" అనే మీట ఉంది. అది నొక్కితే పాఠాంతరాలన్నీ తేదీ, గడియలతో సహా వరుసగా నిలబడతాయి. సంస్థ తన సొంత వెబ్‌సైటులో నిన్నటి మాటను నేడు మార్చివేస్తే ఆ పుటమీద దాని జాడైనా కనబడదు. మరి పారదర్శకత ఎవరిది?

పేరున్నవారి వ్రాతే ప్రమాణమంటారా? మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు 2008లో సంస్థాగత పాలనకుగాను గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది. 2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలు వేలకోట్ల మేర కల్పితాలని స్వయంగా లేఖ వ్రాశారు. ఆ లెక్కల క్రింద ఆడిటర్ల సంతకాలున్నాయి. అందులో అనామకులెవరూ లేరు! వికీపీడియా ఆ మోసాన్ని ముందే పట్టిందా అంటే, లేదు. అది అచ్చయిన ఆధారాలపై నడిచేదే గాని అపరాధ పరిశోధన చేసేది కాదు. ఒకసారి వెలికివచ్చినదాన్ని మరుగుపడనీయకపోవడం దాని పని.

ఈ తెరిచిన తలుపు గుండా దొంగలు రారని నేననను. 2015లో ఆంగ్ల వికీపీడియా 381 ఖాతాలను ఒక్కమారుగా నిషేధించింది. ఆ ముఠా చిన్న వ్యాపారుల వద్దకు పోయి, మీ వ్యాసాన్ని కాపాడతామంటూ సొమ్ము గుంజింది. ఆ వ్యాపారుల గోడు నిజమైన గోడు. అయితే ఆ ముఠా ఆనవాళ్లు పట్టింది కూడా జీతం లేని వాడుకరులే, ఆ చరిత్ర పుటలు చూసే. డబ్బు తీసుకొని దిద్దేవారు ఆ సంగతి వెల్లడించాలన్న నియమం 2014 నుండే ఉంది. తప్పు పడిందనుకొన్న సంస్థ చర్చాపుటలో తన పేరు చెప్పుకొని, ఆధారం చూపి, దిద్దుబాటు కోరవచ్చు. అంత రాజమార్గముండగా దొడ్డిదారి ఎందుకో!

ఇప్పుడు దొడ్డిదారి కూడా కాదు, కోర్టు దారి. 2024 జులైలో ఏఎన్ఐ వార్తాసంస్థ తన వ్యాసంలోని విమర్శలపై ఢిల్లీ హైకోర్టులో రెండు కోట్ల రూపాయల పరువునష్టం దావా వేసింది. దిద్దినవారి వివరాలివ్వాలని ఆగస్టులో కోర్టు ఆదేశించింది. ఆ దావాను గురించిన పుటను సైతం తొలగించమని అక్టోబరులో ఉత్తర్వు వచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు 2025 మే 9న కొట్టివేసింది. సంతోషమే. కాని వివరాలడిగిన సంగతి వాడుకరుల చెవిన పడనే పడింది. పగలంతా ఉద్యోగం చేసుకొని రాత్రి పూట ఉచితంగా వ్యాసాలు దిద్దే మన తెలుగు వికీ కుర్రవాడు, రేపు ఒక కర్మాగారపు కాలుష్యంపై పత్రికలో వచ్చిన వార్తను ఆధారంగా చూపి రెండు వాక్యాలు చేర్చబోతే, ఇంట్లోవారు వద్దంటారు. ఆ ఇంట్లోవారిని నేను తప్పుపట్టలేను.