గజాల కొలనులో రెండేళ్లు

2016 రియో ఒలింపిక్స్ నుంచి నాలుగు బంగారు పతకాలు, ఒక వెండి పతకంతో ఇంటికొచ్చిన పందొమ్మిదేళ్ల కేటీ లెడెకీ, కొద్ది వారాలకే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఫస్టియర్ విద్యార్థినిగా చేరింది. కాలేజీ జట్టులో ఈదేవాళ్లు ప్రకటనల సొమ్ము ముట్టకూడదన్నది అప్పటి నిబంధన. ఒలింపిక్ విజేత పేరుకు గిరాకీ ఉండే రోజులు కొన్నే. వాటిని వదులుకోవడం మామూలు త్యాగం కాదు. మైకేల్ ఫెల్ప్స్ అయితే పదహారేళ్లకే ప్రొఫెషనల్ అయి, కాలేజీ పోటీల జోలికే పోలేదు.

డబ్బు మాట అలా ఉంచితే, అసలు చిక్కు కొలనులో ఉంది. ఒలింపిక్ కొలను పొడవు 50 మీటర్లు, అమెరికా కాలేజీ పోటీల కొలను 25 గజాలు. మనం ఇళ్ల స్థలాలు కొలిచే గజమే. మీటర్లలో చూస్తే 23కి కాస్త తక్కువ. 1500 మీటర్ల ఫ్రీస్టైల్‌లో 29 మలుపులుంటే, కాలేజీవాళ్ల 1650 గజాల్లో 65. గోడ తన్ని నీటి కింద దూసుకుపోయేవాళ్లకు అది పండగే. లెడెకీ బలమంతా గోడకూ గోడకూ మధ్య, అలుపెరగని ఆ బారల్లో ఉంది. రియోలో 800 మీటర్లలో ఆమె నెలకొల్పిన 8:04.79 రికార్డు 2025 మే దాకా నిలిచింది. అప్పుడూ దాన్ని సవరించింది తనే, 8:04.12తో. మధ్యలో గడిచిన తొమ్మిదేళ్లను చూపించి, కాలేజీ ఆమెకు పగ్గం వేసిందనేవాళ్లు ఉండొచ్చు.

నాకు ఆ వాదన పూర్తిగా ఎక్కదు. 2018 మార్చిలో రెండో కాలేజీ సీజన్ ముగించి ఆమె ప్రొఫెషనల్ అయింది. మే నెలలో ఇండియానాపొలిస్‌లో 1500 మీటర్లను 15:20.48లో ఈది, తన పాత ప్రపంచ రికార్డును సరిగ్గా ఐదు సెకన్లు తగ్గించింది. గజాల కొలను ఆమె ఈతను పాడుచేసి ఉంటే అది జరిగేదా?

రెండేళ్లలో ఎనిమిది జాతీయ కాలేజీ టైటిళ్లు, జట్టుకు రెండు ఛాంపియన్‌షిప్‌లు. అన్నీ ఏకపక్షమేమీ కాదు: 2017లో 200 గజాల్లో లూయీవిల్ విశ్వవిద్యాలయపు మాలరీ కోమర్‌ఫర్డ్‌తో సమంగా ముగించింది. మరుసటి ఏడాది 400 మెడ్లీలో సొంత జట్టులోని ఎల్లా ఈస్టిన్ చేతిలో ఓడింది. దూరపు ఫ్రీస్టైల్‌లో పక్క లేన్‌లో ఎవరూ కనబడకుండా ఈదడం అలవాటైన మనిషికి, రోజూ ప్రాక్టీసులో అలాంటి పోటీ దొరకడం పతకాల లెక్కలో పడని లాభం.

అయినా ఇదే బాట అందరికీ కలిసొస్తుందని చెప్పలేం. లండన్ ఒలింపిక్స్‌లో నాలుగు బంగారాలు గెలిచిన మిస్సీ ఫ్రాంక్లిన్ కూడా బర్క్‌లీలో రెండు సీజన్లు ఈదాకే ప్రొఫెషనల్ అయింది. రియోలో ఆమెకు దక్కింది రిలే పతకం ఒక్కటే. అయితే ఆ తప్పును కాలేజీ మీద రుద్దడమూ అన్యాయమే, ఆమె భుజం నొప్పులు వేరే కథ.

2021 జులై నుంచి కాలేజీలో ఉంటూనే సొంత పేరు మీద సంపాదించుకోవచ్చు. ఆ వెసులుబాటు అప్పుడే ఉండి ఉంటే లెడెకీకి ఆ సందిగ్ధమే ఉండేది కాదు. ఆమె మాత్రం జట్టును వదిలాక కూడా స్టాన్‌ఫర్డ్‌లోనే సాధన చేస్తూ సైకాలజీ డిగ్రీ పూర్తిచేసింది. టోక్యో ఒలింపిక్స్ తర్వాత మకాం మార్చింది ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌కు. అక్కడ ఆమె ఈదేదీ విశ్వవిద్యాలయం కొలనులోనే.