పార్సిల్ పుణ్యం

మొన్న శుక్రవారం టీం లంచ్. పదిమందికి పదిహేనుమంది తినే బిర్యానీ ఆర్డరిచ్చాం (కంపెనీ బిల్లంటే మన ఆకలి కూడా ప్రాజెక్టు ఎస్టిమేట్ లాగే తయారవుతుంది). మిగిలింది పార్సిల్ కట్టించాం. అది మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా నా డెస్కు కిందే పడుంది. "మైక్రోవేవ్‌లో పెట్టుకుంటే సరి" అన్నాడు పక్క సీటాయన.

సరి కాదండీ! బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా స్పోర్లు అన్నం ఉడికినా చావవు. ఆ అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మళ్ళీ పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషం మరిగించినా పోదు. ప్రాసెస్‌ని కిల్ చేస్తే అది డిస్కు మీద రాసిన చెత్త పోతుందా? ఇదీ అంతే.

పార్సిల్ తేవద్దనట్లేదు. రెండు గంటల్లోపు, బయట 32 డిగ్రీలు దాటే ఎండల్లో అయితే గంటలోపే, ఫ్రిజ్జులో పెట్టమంటున్నా. ఆఫీసు పాంట్రీలో ఫ్రిజ్జు ఉంది. లేనిది మనకి ఓపిక.

నాకు అసలు ఒళ్ళు మండేది వేరే. అనుమానం వచ్చిన పార్సిల్‌ని మనం తినం, అలాగని పారెయ్యం. పొద్దున్నే వాచ్‌మన్ పిల్లలకిచ్చి పుణ్యం మూటగట్టుకుంటాం. నేనూ ఇచ్చినవాణ్ణే. వాళ్ళకి వాంతులైతే సిక్ లీవు ఉందా, ఇన్సూరెన్సు ఉందా? మన పిల్లలకి పెట్టనిది వాళ్ళకి పెడితే దాన్ని దానం అనరు.

ఇవ్వాలనుంటే వేడిగా ఉన్నప్పుడే ఇవ్వండి. లేదా ఆర్డరే తగ్గించండి. నా పార్సిల్ మాత్రం ఈసారి చెత్తబుట్టలోకే వెళ్ళింది. సిగ్గుపడుతూనే వేశాను.