పిట్టపోరు పిల్లి తీర్చింది

పోటీ ఎక్కడున్నా కొనేవాడికి మేలే అన్న మాటను మనం వేదవాక్కులా వల్లిస్తుంటాము. సబ్బులకూ చెప్పులకూ అది చెల్లుతుంది. కానీ ఒకే పనిచేసే రెండు వస్తువులు ఒకదానితో ఒకటి పొసగని రూపాల్లో వచ్చి, ఒకటి బతకాలంటే మరొకటి చావక తప్పని చోట ఆ మాట చెల్లదని నా వాదం. ఇందుకు నేను ఎన్నుకున్న సాక్ష్యం 2006 నుంచి 2008 దాకా బ్లూరే, హెచ్‌డీ డీవీడీల మధ్య జరిగిన పోరు. పత్రికలు దాన్ని సాంకేతిక యుద్ధమన్నాయి. కొన్నవాళ్ళ సొమ్ముతో కంపెనీలు ఆడిన పందెమని నేనంటాను.

ముందు వస్తువు సంగతి చూద్దాం. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజరు. కిరణపు తరంగం ఎంత పొట్టిదైతే అంత సన్నని గుంటలను చదవవచ్చు. అదే కైవారం గల డిస్కుపై అంత ఎక్కువ సమాచారం పడుతుంది. జపానులోని నిచియా సంస్థలో పనిచేస్తూ షూజీ నకమురా 1990ల మధ్యలో నీలి లేజరును సాధించిన తరువాత, హై డెఫినిషన్ సినిమాను ఒక్క డిస్కులో పట్టించడానికి దారి ఏర్పడింది. ఇంతవరకూ ఇరుపక్షాల దారీ ఒకటే. ఇద్దరిదీ 405 నానోమీటర్ల కిరణమే. ఇద్దరి బొమ్మా అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలే. వీడియోను కుదించే పద్ధతులు అవే. నకలు తీయకుండా వేసిన ఏఏసీఎస్ తాళం కూడా ఒక్కటే.

మరి తేడా ఎక్కడ? కిరణం దాటవలసిన పారదర్శకపు పొర మందంలో. తోషిబా పక్షం డీవీడీకి ఉన్న 0.6 మిల్లీమీటర్లనే ఉంచి, ఒక్కో పొరకు 15 గిగాబైట్లతో సరిపెట్టుకుంది. డీవీడీలను అచ్చువేసే పాత యంత్రాలనే కొద్దిపాటి మార్పులతో వాడుకోవచ్చునన్నది అందులోని లాభం. సోనీ పక్షం 0.1 మిల్లీమీటరుకు దిగి పొరకు 25 గిగాబైట్లు సాధించింది. యంత్రాలను కొత్తగా పెట్టుకోవాలన్నది అందులోని ఖర్చు. రెండు వాదాలకూ బలముంది. ఇంజనీర్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని తేల్చుకోగల తేడా ఇది.

తేల్చుకోగలరని ఊహించి అనడం లేదు. ఒకసారి తేల్చుకున్నారు కూడా. డీవీడీ పుట్టకముందు సోనీ, ఫిలిప్స్ ఒకవైపు, తోషిబా, మత్సుషిటా, వార్నర్ తదితరులు మరొకవైపు వేర్వేరు డిస్కులతో సిద్ధమయ్యారు. 1995లో ఐబీఎం అధిపతి లూ గెర్స్ట్‌నర్ పూనికతో కంప్యూటరు కంపెనీలు ఏకమై, ఇద్దరూ కలిసి ఒక్క ప్రమాణం తెస్తేనే తాము వాడతామని పట్టుబట్టాయి. ఇరుపక్షాలూ దిగివచ్చాయి. ఆ రాజీ ఫలమే డీవీడీ. ఆ తరువాత డీవీడీ ప్లేయర్ల ధరలు ఎలా పడిపోయాయో మనమంతా చూశాం. ఎన్నెన్నో కంపెనీలు ఒకే డిస్కును ఆడించే యంత్రాలు చేసి ధరలోనూ నాణ్యతలోనూ పోటీపడ్డాయి. కొనేవాడికి మేలుచేసే పోటీ అది. అటువంటి పోటీ మొదలయ్యేది ప్రమాణం ఒక్కటైన తరువాతే, అంతకుముందు కాదు.

2005లో మళ్ళీ సంధి ప్రయత్నాలు జరిగాయి. ఈసారి పొసగలేదు. పట్టుదలకు కారణం పొర మందం కాదు, రాబడి. ఎవరి పేటెంట్లు ప్రమాణంలోకి ఎక్కుతాయో, తయారయ్యే ప్రతి డిస్కు మీదా ప్రతి యంత్రం మీదా వారికి కొంత ముడుతుంది. ఆ ఆదాయాన్ని కోరుకోవడం వ్యాపారధర్మమే, కాదనను. ఆ తగవును తమ గదుల్లో తీర్చుకోకుండా జనం ఇళ్ళల్లోకి తెచ్చి పడేయడమే అన్యాయం. ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడలు నలిగినట్టయింది.

ఆటల పెట్టెలు రంగంలోకి దిగింది ఇక్కడే. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 డీవీడీలను కూడా ఆడించడం వల్ల ఎన్నో ఇళ్ళల్లో అదే తొలి డీవీడీ ప్లేయరయింది. సోనీ ఆ పాఠాన్ని మరవలేదు. 2006 నవంబరులో ప్లేస్టేషన్ 3ని తెస్తూ ప్రతి పెట్టెలోనూ బ్లూరే డ్రైవును బిగించే ఇచ్చింది. నాకొద్దు, ధర తగ్గించి ఇవ్వండి అనే వీలు లేదు. అమెరికాలో ధర 499, 599 డాలర్లు. విడిభాగాల ఖరీదు లెక్కగట్టే ఐసప్లై సంస్థ, 599 డాలర్ల పెట్టెకు సోనీకి అవుతున్న ఖర్చు దాదాపు 840 డాలర్లని అంచనా వేసింది. ఆ ఆర్థిక సంవత్సరంలో సోనీ ఆటల విభాగం 23,000 కోట్ల యెన్‌లకు పైగా నష్టం చూపింది. నీలి లేజరు డయోడ్లు చాలినన్ని తయారుకాక ఐరోపావాసులు 2007 మార్చి దాకా ఆగవలసివచ్చింది. ఆట ఆడుకుందామని ఎదురుచూసే కుర్రవాడికీ లేజరు డయోడుకూ ఏమిటి సంబంధం? ఆ కుర్రవాడి చేత తన డిస్కును మోయించాలని సోనీ అనుకోవడం తప్ప వేరే సంబంధం లేదు.

తోషిబా పక్షాన ఉన్న మైక్రోసాఫ్టు మరొక దారి తొక్కింది. 2005 నవంబరులోనే మామూలు డీవీడీ డ్రైవుతో ఎక్స్‌బాక్స్ 360ని తెచ్చి, ఏడాది తరువాత హెచ్‌డీ డీవీడీ డ్రైవును విడిగా 199 డాలర్లకు అమ్మింది. కావలసినవాళ్ళు కొనుక్కుంటారు, అక్కరలేనివాళ్ళ జోలికి పోదు. కొనేవాడి పక్షాన నిలబడి చూస్తే మర్యాదైన పద్ధతి ఇదే. చిత్రమేమంటే ఈ పోరులో ఓడిపోయిన పద్ధతి కూడా ఇదే.

ఇక నింటెండో ఈ గొడవకే దూరంగా ఉంది. 2006 నవంబరులోనే వచ్చిన వారి 'వీ' పెట్టెకు హై డెఫినిషన్ లేదు, సినిమాలు ఆడించడం లేదు. ధర 250 డాలర్లు. పదికోట్లకు పైగా అమ్ముడై ఆ తరంలో అగ్రస్థానంలో నిలిచింది. ఆటలకోసం వచ్చినవాళ్ళు అడిగింది ఆటలనే గాని డిస్కులను కాదనడానికి ఇంతకన్నా నిదర్శనం కావాలా?

అయినా లెక్క వేరే విధంగా కట్టారు. 2007 ముగిసేసరికి సుమారు కోటి ప్లేస్టేషన్ 3లు తయారై మార్కెట్టుకు చేరాయి. అందులో ప్రతి ఒక్కటీ బ్లూరేకి పడ్డ ఓటుగా చెలామణి అయింది. కార్ల పందెం ఆట కోసం కొన్నవాడి పెట్టె కూడా అందులో ఓటే. సంతలో బెల్లం కొన్నవాడి వేలిముద్రను పంచాయతీ ఎన్నికలో వేసుకోవడమంటే ఇదే కదా!

ఆ ఓట్లు కూడా నిజానికి తీర్పు చెప్పలేదు. తీర్పు సినిమా కంపెనీలది. సోనీ 1989లోనే కొలంబియా పిక్చర్స్‌ను కొనుక్కుంది గనుక ఆ చిత్రాలు బ్లూరేకే. డిస్నీ, ఫాక్స్ అటే. యూనివర్సల్ తోషిబా వైపు. వార్నర్, పారమౌంట్ రెండు పడవల మీదా కాళ్ళు పెట్టాయి. 2007 ఆగస్టులో పారమౌంట్, డ్రీమ్‌వర్క్స్ యానిమేషన్ ఇక హెచ్‌డీ డీవీడీకే అన్నాయి. అందుకు ఇద్దరికీ కలిపి 15 కోట్ల డాలర్ల మేర ముట్టనుందని న్యూయార్క్ టైమ్స్ రాసింది. 2008 జనవరి 4న వార్నర్ బ్లూరే వైపు మొగ్గింది. ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్, బెస్ట్ బై, వాల్‌మార్ట్ వరుసగా అదే దారి పట్టాయి. ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. ఏ డిస్కు బాగుందో జనం చెప్పేదాకా ఎవరూ ఆగలేదు.

నా వాదానికి మూడు జవాబులు తరచు వినబడతాయి.

మొదటిది: మేలైనదే గెలిచింది కదా అని. పొరకు 25 గిగాబైట్లు 15 కన్నా ఎక్కువే, సందేహం లేదు. కానీ 2006లో వచ్చిన తొలి బ్లూరే సినిమాలు ఒకే పొర డిస్కుల మీద, పాత ఎంపెగ్-2 పద్ధతిలో వచ్చాయి. కాగితం మీది ఆధిక్యం తెర మీదికి రావడానికి సమయం పట్టింది. ఇంటర్నెట్టు సంధానం, బొమ్మలో బొమ్మ చూపే ఏర్పాటు ప్రతి హెచ్‌డీ డీవీడీ ప్లేయరులో మొదటినుంచీ తప్పనిసరి. బ్లూరే పక్షం బొమ్మలో బొమ్మను కొత్త ప్లేయర్లకు తప్పనిసరి చేసింది 2007 నవంబరులో. 2006 జూన్‌లో 999 డాలర్లు పోసి తొలి శాంసంగ్ బ్లూరే ప్లేయరు కొన్నవారికి ఆ భాగ్యం దక్కలేదు. అంటే గెలిచిన పక్షాన్ని ముందుగా నమ్మినవాళ్ళు కూడా కొంత ఓడిపోయారు.

రెండవది: పోరు వల్ల ధరలు తగ్గాయి కదా అని. తగ్గాయి. 2007 నవంబరులో వాల్‌మార్ట్ ఒక తోషిబా ప్లేయరును 98 డాలర్ల 87 సెంట్లకు అమ్మితే జనం ఎగబడ్డారు. నాలుగు నెలలు తిరగకుండానే ఆ వస్తువు అనాథ అయింది. చేపకు ఎర చవకగానే దొరుకుతుంది. దాన్ని తగ్గింపు ధర అనము.

మూడవది: ఎవరు కొనమన్నారు, ఆగవచ్చుగా అని. ఆగారు, అత్యధికులు ఆగారు. అసలు నష్టం అక్కడే జరిగింది. ఏది నిలుస్తుందో తేలక జనం డీవీడీతోనే సరిపెట్టుకున్న ఆ రెండేళ్ళలో, 2007 జనవరిలో, నెట్‌ఫ్లిక్స్ సినిమాలను తీగ మీదుగా పంపడం మొదలుపెట్టింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది. సోనీ గెలిచిన రాజ్యం అప్పటికే ఎండిపోవడం మొదలైంది.

ఇది జపాను, అమెరికాల తగవు, మనకేమిటని అడగవచ్చు. మన సంగతీ ఇందులో ఉంది. డీవీడీలకు ప్రాంతీయ తాళాలుండేవి. అమెరికాది ఒకటవ ప్రాంతం, మనది అయిదవది. బ్లూరేలో అమెరికా 'ఏ', మనం 'సీ'. ఆ తాళం వేసిన డిస్కును అక్కడ ఉన్న మన తెలుగువాళ్ళు ఇంటికి తెస్తే ఇక్కడి ప్లేయరు ఆడించదు. హెచ్‌డీ డీవీడీకి ప్రాంతీయ తాళమే లేదు. రెండు దేశాల మధ్య కాపురముండే మనబోటివాళ్ళకు అన్నిటికన్నా ముఖ్యమైన ఆ సుగుణం, ఎవరూ చర్చించకుండానే, ఓడిన పక్షంతో పాటు పోయింది.

మరొక పోలిక. 2007లో మన దేశంలోకి ప్లేస్టేషన్ 3 వచ్చినప్పుడు ధర 39,990 రూపాయలు. ఆ కాలంలోనే మోజర్ బేయర్ తెలుగు చిత్రాలతో సహా డీవీడీలను 34 రూపాయలకు, వీసీడీలను 28 రూపాయలకు అమ్మింది. ఒక పెట్టె ఖరీదుకు వెయ్యికి పైగా సినిమాలు! ఒక్క ప్రమాణం మీద కుదురుకున్న డీవీడీ సామాన్యుడి గుమ్మం దాకా వచ్చింది. రెండుగా చీలిన కొత్త తరం కలవారి హాలులో ఆగిపోయింది.

ఇంత తిట్టిన తరువాత ఓడిన డిస్కు గురించి ఒక మంచిమాట చెప్పడం ధర్మం. 2007లో కొన్న హెచ్‌డీ డీవీడీ, చెడిపోకుండా ఉంటే, దాని ప్లేయరులో పెడితే ఇవాళ కూడా ఆడుతుంది. తోషిబా అనుమతి అక్కరలేదు. 2009లో వార్నర్ తన హెచ్‌డీ డీవీడీలను తిరిగి ఇచ్చినవారికి కొద్దిపాటి రుసుము మీద బ్లూరేలు ఇచ్చింది కూడా. చేతిలో వస్తువు ఉంది గనుక మార్పిడికి వీలయింది.

ఇప్పుడు ఆ వస్తువే లేదు. ప్లేస్టేషన్ దుకాణం 2021 ఆగస్టు తరువాత సినిమాలు అమ్మడం మానేసింది. 2022లో జర్మనీ, ఆస్ట్రియాల్లో అంతకుముందు కొనుక్కున్నవారి ఖాతాల నుంచే స్టూడియోకనాల్ చిత్రాలను తీసివేసింది. 2023 డిసెంబరులో డిస్కవరీ కార్యక్రమాలను తొలగిస్తామని ప్రకటించి, గగ్గోలు పుట్టాక వెనక్కి తగ్గింది. ఇంట్లో సినిమాను రికార్డు చేసుకోవడం తప్పుకాదని 1984లో అమెరికా సుప్రీంకోర్టు దాకా పోరాడి గెలిచినది ఈ సోనీయే. 2010 ఏప్రిల్లో ప్లేస్టేషన్ 3లో లైనక్స్ నడుపుకునే సదుపాయాన్ని ఒక అప్‌డేటుతో పీకివేసినదీ ఈ సోనీయే. 2024లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ప్రోలో డిస్కు డ్రైవు లేదు. కావాలంటే విడిగా కొనుక్కోవాలి. నాడు అక్కరలేనివాడికి అంటగట్టిన డ్రైవును నేడు కావలసినవాడికి విడిగా అమ్ముతున్నారు.

'కొనండి' అన్న బొత్తాము వెనుక ఉన్నది కొనుగోలు కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనని అంగళ్ళు స్పష్టంగా చెప్పాలంటూ కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. మంచిదే. కానీ చెప్పించడంతో సరిపోదు. 1995లో కంప్యూటరు కంపెనీలు చేసినట్టు, ముందు ఒక్క ప్రమాణం తెమ్మని, కొన్నది కొన్నవాడి దగ్గర నిలవాలని అడిగేవారు కావాలి. ఈసారి మన తరఫున అడగడానికి ఐబీఎం రాదు. కనీసం కొత్త పెట్టె, కొత్త చందా ముందుకు వచ్చిన ప్రతిసారీ ఒక్క ప్రశ్న వేయడం మన చేతిలో ఉంది: రేపు మీరు ఓడిపోతే, లేదా మనసు మార్చుకుంటే, నా దగ్గర ఏం మిగులుతుంది? జవాబు 'ఏమీ లేదు' అయితే, దాని ధర కూడా దానికి తగ్గట్టే ఉండాలి.