ఓట్లు గెలిపిస్తాయి... పాటే నిలబెడుతుంది

సాయంత్రం పూట బోయినపల్లి, సిరిసిల్ల, కోరుట్ల వైపు ఏ ఊరికి వెళ్లినా ఒక దృశ్యం కనబడుతుంది. ఒళ్లో బీడీల చాట పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు, ఎదురుగా టీవీ. పాటల పోటీ వస్తోందంటే చేతులు ఆకు చుడుతూనే ఉంటాయి కానీ చెవులు మాత్రం అక్కడే. "పోయిన వారం మంచిగ పాడిండు, ఇయ్యాల శ్రుతి తప్పిండు" అని జడ్జీల కన్నా ముందే తీర్పు వచ్చేస్తుంది.

అలాంటి ఇంట్లో కాస్త గొంతున్న పిల్ల ఉంటే ఇక చెప్పాలా! బడిలో పంద్రాగస్టుకు ఒక పాట పాడితే చాలు, "పిల్లను టీవీకి పంపరాదు వదినా?" అంటూ చుట్టాలు మొదలుపెడతారు. అమ్మానాన్నలకూ ఆశ పుడుతుంది. ఆ ఆశలో తప్పేం లేదు. అయితే టీవీ పోటీ ఏమిస్తుంది, ఏమివ్వదు అన్నది ముందే తెలుసుకుంటే మంచిది. మన తెలుగు కుర్రాళ్లనే చూద్దాం.

కారుణ్య ఓడిన రోజు

2006 ఏప్రిల్. ఇండియన్ ఐడల్ రెండో సీజన్ ఫైనల్. ఒకవైపు హైదరాబాద్ కుర్రాడు ఎన్.సి. కారుణ్య, మరోవైపు రాజస్థాన్‌లోని బికనీర్ నుంచి వచ్చిన సందీప్ ఆచార్య. అంతవరకూ హిందీ ఛానల్ పెట్టని ఇళ్లలో కూడా ఆ రోజుల్లో కారుణ్య పేరు వినిపించింది. అప్పట్లో ఓటంటే ఎస్సెమ్మెస్. మామూలు మెసేజీ కన్నా ఎక్కువ ఛార్జీ. ఎవరి ఓపికను బట్టి, ఎవరి బ్యాలెన్సును బట్టి వాళ్లు పంపారు. చివరికి సందీప్ గెలిచాడు.

'దక్షిణాది వాడు కాబట్టే గెలవనివ్వలేదు' అని చాలామంది నొచ్చుకున్నారు. కానీ ఆ ఓటమికి కుట్రే అక్కర్లేదు. ప్రేక్షకుల ఓటుతో తేలే పోటీలో జనం పాటకు ఎంత ఓటేస్తారో, తమ ఊరికీ తమ భాషకూ అంతే ఓటేస్తారు. మరుసటి ఏడాది, 2007లో, డార్జిలింగ్‌కు చెందిన పోలీసు కానిస్టేబుల్ ప్రశాంత్ తమాంగ్ గెలిచాడు. అతని కోసం ఆ కొండ ప్రాంతంలో జనం చందాలు పోగుచేసి మరీ ఓట్లు పంపారు. మనవాడని మనం వేసినట్టే, వాళ్లవాడని వాళ్లూ వేసుకున్నారు!

శ్రీరామచంద్ర వంతు

నాలుగేళ్లు గడిచాయి. 2010 ఆగస్టు 15న ఇండియన్ ఐడల్ ఐదో సీజన్ ఫైనల్ జరిగింది. అద్దంకిలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన మైనంపాటి శ్రీరామచంద్ర... రాకేశ్ మైనీ, భూమి త్రివేదిలను దాటి విజేతగా నిలిచాడు. ఆ టైటిల్ గెలిచిన మొదటి తెలుగువాడు అతనే. రాత్రికి రాత్రి దేశమంతా పేరు మోగిపోయింది.

రాత్రికి రాత్రి వచ్చింది పేరు మాత్రమే. పాట అలా రాలేదు. శ్రీరామచంద్ర చిన్నతనం నుంచీ కర్ణాటక సంగీతం నేర్చుకున్నాడు. ఐడల్ వేదిక ఎక్కేనాటికే తెలుగులో పాడి ఉన్నాడు. పోటీ చూసిన మనకు కనబడింది కొన్ని వారాల కష్టమే. దాని వెనక ఉన్న ఏళ్ల సాధనను ఏ కెమెరా చూపించలేదు.

గెలిచాక ఏమైంది? ముంబయిలో అవకాశాలు వరస కట్టాయనుకుంటే పొరపాటే. 2013లో 'యే జవానీ హై దీవానీ' సినిమాలో పాడిన పాట మంచి పేరు తెచ్చింది. అదే ఏడాది తెలుగులో తెర మీద కూడా కనిపించాడు. 2021లో బిగ్‌బాస్ ఐదో సీజన్‌లో పాల్గొన్నాడు. 2022లో 'ఆహా'లో తెలుగు ఇండియన్ ఐడల్ మొదలైనప్పుడు దానికి వ్యాఖ్యాత శ్రీరామచంద్రే. నెల్లూరు అమ్మాయి వాగ్దేవి ఆ సీజన్ గెలిచింది. పన్నెండేళ్ల కిందట తనకు ఓటేయమని అడిగిన కుర్రాడు, ఇప్పుడు తన వెనకాల వచ్చిన పిల్లల కోసం ఓట్లు అడిగాడు. ఈ పన్నెండేళ్లూ అతన్ని నడిపించింది 2010 నాటి ఎస్సెమ్మెస్‌లు కావు. దొరికిన పనినల్లా చేసుకుంటూ పోవడమే.

2017లో ఇండియన్ ఐడల్ తొమ్మిదో సీజన్ గెలిచిన రేవంత్‌దీ అదే దారి. అప్పటికే తెలుగులో అతను పేరున్న గాయకుడు. 2015లో వచ్చిన 'బాహుబలి'లో మనోహరి పాట అతని గొంతే. అంటే ముందు పాట, తర్వాతే టైటిల్.

ఓడినవాళ్ల సంగతేంటి?

2005లో 'ఫేమ్ గురుకుల్' అనే హిందీ పోటీ నుంచి ఒక బెంగాలీ కుర్రాడు ఫైనల్ దాకా వెళ్లకుండానే ఇంటికి తిరిగొచ్చాడు. పేరు అరిజిత్ సింగ్! తర్వాత స్టూడియోల్లో సంగీత దర్శకుల దగ్గర పనిచేశాడు. ఎనిమిదేళ్ల తర్వాత 2013లో 'ఆషికీ 2' వచ్చింది. ఆ పాట వినని ఇల్లు లేదు. 2014లో మన 'మనం' సినిమాలో కూడా పాడాడు. శ్రీరామచంద్ర చేతిలో ఓడిన భూమి త్రివేది 2013లో 'రామ్‌లీలా' సినిమా పాటతో దుమ్ము రేపింది.

మరి కారుణ్యను ఓడించిన సందీప్ ఆచార్య? టైటిల్ దక్కినా హిందీ సినిమాల్లో పెద్ద స్థానం దక్కలేదు. 2013లో, ఇరవై తొమ్మిదేళ్ల వయసులోనే అనారోగ్యంతో కన్నుమూశాడు. ఇది చెప్పడం ఆ అబ్బాయిని తక్కువ చేయడానికి కాదు. ట్రోఫీని చూసి జీవితాన్ని లెక్కగట్టకూడదని చెప్పడానికే.

బాలు నేర్పిన పద్ధతి

తెలుగువాళ్లకు పాటల పోటీ అనగానే ముందు గుర్తొచ్చేది ఈటీవీ 'పాడుతా తీయగా'. 1996లో మొదలైంది. అక్కడ ఎస్సెమ్మెస్‌ల హడావుడి కాదు, పాటకు వేసే మార్కులు ముఖ్యం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఒక్కో పాటకూ రాసినవారెవరు, బాణీ కట్టినవారెవరు చెప్పి, తప్పు ఎక్కడ జరిగిందో పాడి చూపించేవారు. తప్పు చెప్పించుకున్న పిల్లలు కూడా నవ్వుతూ దిగేవాళ్లు.

ఆయనకు ఆ బాధ తెలుసు మరి! 1964లో మద్రాసులో జరిగిన ఒక పోటీలో బహుమతి అందుకున్న కుర్రాడే ఆయన. అక్కడ ఆ గొంతు విని గుర్తుపెట్టుకున్నవారు సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణి. అయినా సినిమాలో మొదటి పాట రికార్డయింది 1966 డిసెంబరులో. బహుమతికీ పాటకూ మధ్య రెండేళ్ల పైమాటే. 2020 సెప్టెంబరు 25న ఆయన వెళ్లిపోయే వరకూ పాట నేర్చుకుంటూనే ఉన్నానని చెప్పుకున్న మనిషి.

అన్ని వేదికలూ అంత మెత్తగా ఉండవు. 2008లో కోల్‌కతాలో ఒక టీవీ పోటీలో జడ్జీలు మందలించిన తర్వాత పదహారేళ్ల అమ్మాయి మాట పడిపోయి ఆసుపత్రి పాలైంది. దేశమంతా చర్చ జరిగింది. పిల్లల్ని పంపేముందు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మన ఊరి పిల్లల సంగతి

మన దగ్గర పాటకు కొదవ లేదు. బతుకమ్మ ఆటలో గొంతు కలపని ఆడపిల్ల ఉండదు. చిరుతల రామాయణం ఆడే ఊళ్లున్నాయి. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుది వేములవాడ పక్కనే హన్మాజీపేట. కవి సినారె పుట్టిందీ అక్కడే. వేములవాడ రాజన్న సన్నిధిలో త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతాయి. గోదావరిఖని అమ్మాయి మధుప్రియ చిన్నప్పుడే జానపద పాటతో పేరు తెచ్చుకుని, 2017లో 'ఫిదా' పాటతో ఊరూరా మోగిపోయింది. మన యాసను దాచుకోకుండా పాడింది కాబట్టే ఆ పాట అంత అతికింది.

కాబట్టి పిల్లను ఆడిషన్‌కు తీసుకెళ్లాలనుకునే అమ్మానాన్నలు ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పిల్ల పాడాలని అడుగుతోందా, మనం పాడిస్తున్నామా? రోజూ గంటసేపు కూర్చోబెట్టి శ్రుతి, తాళం నేర్పే గురువు దొరికారా? తిప్పి పంపితే, మర్నాడు బడికి వెళ్లి మామూలుగా నవ్వగలదా?

మూడింటికీ జవాబు సరిగ్గా ఉంటే నిశ్చింతగా బయల్దేరండి. ఒకటి తేడాగా ఉన్నా ఏడాది ఆగండి. ఆడిషన్లు మళ్లీ వస్తాయి. ఈలోగా ఊళ్లో భజన ఉంది, బతుకమ్మ ఉంది, బడి వార్షికోత్సవం ఉంది. పిల్ల అక్కడ పాడనివ్వండి. ఓడి తిరిగొచ్చినా, "వచ్చినవా బిడ్డా, ఆ పాట మాకూ ఒకసారి వినిపియ్యి" అని అడిగే ఇల్లుంటే ఆ గొంతు ఆగిపోదు.